పసుపు కారుకి పోసిన నూనె

ఆ షోరూములో ఆమెను అందరూ నిదానం అని పిలిచేవాళ్ళు. సర్వీసు కౌంటరులో కూర్చునే మనిషికి రోజూ మాటలు పడటమే సగం పని. కారు ఆలస్యమైతే ఆమె మాట పడాలి, అద్దం మీద వేలిముద్ర మిగిలితే ఆమె పడాలి, కడిగిచ్చిన కారు వానకి మళ్ళీ మురికైతే అదీ ఆమె చేసిన తప్పే. అన్నిటికీ ఒకే గొంతుతో, "చూస్తాను సార్, చేయిస్తాను మేడమ్" అనేది. ఆమెకి నోట్లో నాలుక లేదనుకునేవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళు. నాలుక ఉంది. దాన్ని పళ్ళ మధ్య బిగించి పట్టుకునేది, అంతే.

ఇంటికి చేరాక మాత్రం వంటింట్లో గిన్నెలు మోగేవి. అత్తగారు హాల్లో కూర్చునే ఆ చప్పుడు విని, ఆ రోజు తగిలిన కస్టమరు ఎలాంటివాడో చెప్పేసేది. "ఇవాళ్టివాడు మూకుడు రకం. నిన్నటివాడు ఒట్టి గరిటె" అనేది.

పసుపు కారు సొంతదారుడు ఎముకల డాక్టరు. కారు నేలకి జానెడు ఎత్తులో, ఎప్పుడు ఎవరి మీదకి దూకుదామా అన్నట్టు ఉంటుంది. అందులోంచి డాక్టరు దిగాడనడం కంటే పైకి లేచాడనడం సబబు. లేచిన మనిషి లేచినట్టే కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఉదయం స్టార్టు చేయగానే ఇంజన్ లోపల ఎవరో చిన్న సుత్తి పెట్టి కొడుతున్నట్టు టకటకమంటోందనీ, ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలుగుతోందనీ చెప్పాడు.

ఆ చప్పుడు ఇంజన్ వేడెక్కాక తగ్గుతోందా, అలాగే ఉంటోందా అని ఆమె అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే. డాక్టరు ఆమె మొహం ముందు చిటికె వేశాడు.

"ఏమ్మా, ఇంజన్ గురించి తెలిసిన మగాళ్ళెవరూ లేరా ఇక్కడ?"

సోఫాల్లో కూర్చున్న కస్టమర్లు తలలు తిప్పారు. తాను వివరాలు రాసుకుంటాననీ, మెకానిక్కు చూస్తాడనీ ఆమె చెప్పింది. కారు కొని ఏడాది కూడా కాలేదనీ, వారంటీ ఉందనీ, ఇంజన్ విప్పి చూడాల్సిందేననీ డాక్టరు గద్దించాడు. ఫోను కూడా ఆమె చెయ్యకూడదట, తెలిసినవాళ్ళెవరైనా చెయ్యాలట. తాళం కౌంటరు మీదకి విసిరాడు. అది నున్నటి బల్ల మీద జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె వంగి తీసుకుంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. తిరిగి నిటారుగా నిలబడేసరికి ఆమె చెవులు రెండూ కాలిపోతున్నాయి. "సరే సార్" అంది.

వర్కుషాపులో పెద్ద మెకానిక్కుని అందరూ బాబాయ్ అంటారు. ఆమె చేరిన కొత్తలో ఇంజన్‌లో ఏ భాగాన్ని ఏమంటారో చేతికి మసి అంటించి మరీ నేర్పించిన మనిషి. ఆయన పసుపు కారుని లిఫ్టు మీద పైకెత్తి, కింద బోల్టు విప్పి, ఇంజన్ నూనె ట్రేలోకి దించాడు. టార్చి వేసి చూస్తే నల్లటి నూనెలో వెండి పొడి కలిపినట్టు తళతళా మెరుపు. ఆయన కొంచెం నూనె రెండు వేళ్ళ మధ్య పెట్టి రాసి చూసి, గుడ్డకి తుడిచేసుకున్నాడు.

"ఏంటి బాబాయ్?"

"లోపల బేరింగులు అరిగిపోయాయి తల్లీ. ఆ మెరుపంతా వాటి పొడే. ఇంజన్ మార్చాల్సిందే" అన్నాడు. ఆ మాట ఆమె మొహం చూసి కాదు, ట్రే చూసి అన్నాడు. అంత ఖరీదైన బండి పాడైనందుకు ఆయన మనసు బాధపడిందేమో అనుకుంది ఆమె.

సంగతి విన్న మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన ఆపిలు పండుని చిన్న చాకుతో ముక్కలు కోసుకుంటూ మాట్లాడతాడు, అది ఆయన అలవాటు. డాక్టరు కారుని రేసుల్లో నడిపి ఇంజన్ తినేశాడనీ, రేసులాడిన బండికి వారంటీ వర్తించదని కంపెనీ రూలు ఉందనీ, పెద్ద మెకానిక్కే చూసి తేల్చాడనీ, ఆ సంగతి డాక్టరుకి ఫోన్లో తెలియజేయమనీ అన్నాడు. మీరే చేస్తే బాగుంటుందేమో సార్, నన్ను చెయ్యొద్దన్నాడు అని ఆమె అంటే, ఆయన నవ్వాడు.

"నేను చెబితే ఎగ్గొడుతున్నానంటాడు. నీ గొంతు వింటే ఎవడైనా నమ్ముతాడు."

అది పొగడ్త అనుకుంది ఆమె. ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఫోను చెయ్యడానికి ఆమె చెయ్యి ఉవ్విళ్ళూరింది కూడా. అలాంటి కారు కొని చిటికెలు వేసే మనిషి రోడ్డు మీద బుద్ధిగా నడుపుతాడా? రేసులే ఆడి ఉంటాడు. తేనె పూసిన గొంతుతో, ఒక్కో మాటా విడమరిచి, ఇంజన్‌ని హద్దు మించి తిప్పారు కాబట్టి వారంటీ రాదని చెప్పింది. అవతలి నుంచి డాక్టరు విరుచుకుపడ్డాడు. తాను ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదన్నాడు. వేగంగా నడిపి ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్ళకి రోజూ అతుకులు వేసేవాణ్ణి, నేను రేసులాడతానా అని అరిచాడు.

"మా పెద్ద మెకానిక్కు చూసి తేల్చారు సార్" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం గిన్నెలు మోగలేదు. అత్తగారు అనుమానంగా వంటింట్లోకి తొంగిచూసింది. కోడలు కూనిరాగం తీస్తూ కూరగాయలు తరుగుతోంది.

మర్నాడు ఫైల్లోకి ఫోటోలు కావాల్సి వచ్చి ఆమె వర్కుషాపుకి వెళ్ళింది. నువ్వు తేల్చిన మాటే డాక్టరుకి చెప్పాను బాబాయ్, నోరు మూతపడింది అంది హుషారుగా. స్పానరు పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నేను తేల్చానా? నేనేం తేల్చాను?"

రేసులాడాడని నువ్వే అన్నావట కదా అంది. ఆయన చుట్టూ చూసి, ఆమెను టైర్లు పేర్చిన వరస వెనక్కి తీసుకెళ్ళాడు. మొదటి సర్వీసుకి ఆ కారు వచ్చినప్పుడు దానికి పొయ్యాల్సిన ప్రత్యేకమైన నూనె స్టాకులో లేదట. డాక్టరేమో బండి ఇప్పుడే కావాలని హాల్లో కూర్చుని గోల చేస్తున్నాడట. మేనేజరు వచ్చి, మామూలు కార్లకి పోసే డ్రమ్ములోంచి పట్టి పోసెయ్యమన్నాడట.

"వద్దన్నాను తల్లీ. ఈ ఇంజన్‌కి ఆ నూనె నిలవదు, లోపల రాపిడి మొదలవుతుందన్నాను. ఎవడికి తెలుస్తుందిలే, పొయ్యి అన్నాడు. స్టాకు వచ్చాక పిలిచి మారుస్తామన్నాడు. పోశాను. మళ్ళీ పిలిచిందీ లేదు, మార్చిందీ లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నా పేరు మాత్రం బయటికి తేకమ్మా."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరు మీద జాలితో కాదు. ఆ మనిషి మీద ఆమెకి చీమతలంత జాలి కూడా లేదు. పంపు తిప్పి నీళ్ళు పట్టుకున్నట్టు తన నోరు తిప్పి తనచేత అబద్ధం చెప్పించారు. దాన్ని తాను మహా ఆనందంగా చెప్పింది. అది తలుచుకుంటే ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతున్నట్టు ఉంది.

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. మొదటి సర్వీసులో ఏ నూనె పోశారు సార్ అని అడిగింది. ఆయన చాకు ఆగలేదు. పండు తొక్క చుట్టలు చుట్టలుగా ఊడి కాగితం మీద పడుతోంది. సంగతి ఎవరు చెప్పారని కూడా ఆయన అడగలేదు. కంపెనీకి నిజం తెలిస్తే కొత్త ఇంజన్ భారం షోరూము నెత్తిన పడుతుందనీ, అందరి ఉద్యోగాలకీ ఎసరు వస్తుందనీ చెప్పుకొచ్చాడు. డాక్టరు పై వరకు వెళ్ళి గొడవ పెట్టుకున్నాడట, రేపు కంపెనీ ఇన్‌స్పెక్టరు ఇంజన్ చూడటానికి వస్తున్నాడట. ఆమె పక్కన నిలబడి, అడిగితే ఫోన్లో చెప్పిందే చెప్పాలి. కౌంటరు ఇన్‌చార్జి కుర్చీ ఖాళీగానే ఉంది కదా అని కూడా గుర్తుచేశాడు.

"నేను అబద్ధం చెప్పను సార్."

"నీ ముందు తాళం విసిరాడట కదా ఆ డాక్టరు? మగాళ్ళు లేరా అన్నాడట. అలాంటివాడికి న్యాయం జరగాలని నీకెందుకమ్మా అంత తాపత్రయం?"

ఆ ప్రశ్న ఆమె కూడా టైర్ల వెనక నుంచి ఈ గది దాకా వేసుకుంటూనే వచ్చింది. జవాబు దొరకలేదన్న ఉక్రోషంతో ఇంకా ఒళ్ళు మండింది. గదిలోంచి బయటికి నడుస్తుంటే వెనక నుంచి మేనేజరు ఫోన్లో ఎవరికో చెప్పడం వినిపించింది, ఆ ట్రేలో నూనె ఇంకా ఎందుకుంచారు, పారబోసెయ్యండి అని.

ఆమె ఆగలేదు. వర్కుషాపులోకి వెళ్ళి, మూత బిగుతుగా ఉన్న ఖాళీ డబ్బా ఒకటి వెతికి, ట్రేలో నూనె దాన్నిండా నింపింది. బాబాయ్ చూశాడు. చూసి, ఇంకో కారు కిందికి దూరాడు. ఆ డబ్బాని ఆమె కౌంటరు కింద తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. దాన్ని ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు.

ఆ సాయంత్రం పళ్ళెం ఒకటి సొట్టపోయింది. అత్తగారు లేచి వచ్చి స్టవ్ ఆపేసింది. ఆవిడ ముప్పై ఏళ్ళు కోర్టు ఆవరణలో టైపు మిషను ముందు కూర్చుని జనాల తగాదాలు కొట్టిన మనిషి, విషయం పూర్తిగా వింటే తప్ప వదలదు. కోడలు మొత్తం చెప్పింది. చెబుతున్నకొద్దీ డాక్టరుని ఎక్కువ తిట్టింది, మేనేజరుని తక్కువ తిట్టింది.

"ఆ డాక్టరు మర్యాదస్తుడైతే ఏం చేసేదానివి?"

"ఎప్పుడో చెప్పేసేదాన్ని అత్తయ్యా."

"మరి వాడు అమర్యాదస్తుడైతే పోసిన నూనె మారిపోతుందా? వాడి బుద్ధి వాడిది. నీ నోరు నీది. వాడి బుద్ధికి బదులుగా నీ నోరు పాడుచేసుకుంటావా?"

అత్తగారు సొట్టపోయిన పళ్ళేన్ని తిప్పి చూసి, అది తన పెళ్ళికి పెట్టిందని గొణిగింది.

మర్నాడు పసుపు కారు ఇంజన్ బయటికి తీసి ఇనుప స్టాండు మీద పెట్టారు. దాని చుట్టూ అందరూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడుకి తాడు కట్టుకున్న సన్నటి మనిషి. వచ్చినప్పటి నుంచి నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేదు, టార్చి పట్టుకుని అరిగిన బేరింగులే చూస్తున్నాడు. డాక్టరు ఆపరేషను థియేటరు నుంచి అట్నుంచి అటే వచ్చినట్టున్నాడు, నుదుటి మీద టోపీ బిగించిన గీత ఇంకా ఉంది. బాబాయ్ చేతులు తుడిచిన గుడ్డతోనే మళ్ళీ తుడుచుకుంటున్నాడు. ఆమె కొంచెం వెనకగా నిలబడింది.

కారుని రేసులకి వాడారని ఎలా చెప్పగలరు అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. మేనేజరు తడుముకోకుండా ఆమె వైపు చెయ్యి చూపించాడు.

"ఈయనే ఒప్పుకున్నారు సార్. మా అడ్వైజరుతో ఫోన్లో అన్నారు. అడగండి."

ఈ మాట కొత్తది. నిన్నటి వరకు లేనిది. ఆమె నోరు తెరిచేలోపే డాక్టరు మీదకొచ్చాడు. వేలు ఆమె మొహానికి అంగుళం దూరంలో ఆడిస్తూ, నేనెప్పుడన్నానే, అబద్ధాలకోరుదానా అన్నాడు. జీతం రాళ్ళ కోసం నోరు అమ్ముకునే రకం ఈవిడ అని ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. మొదటి రోజే మొహం చూసి కనిపెట్టాడట, ఏ తెలివీ లేని మనిషని.

"నోరు ముయ్యండి."

గట్టిగానే అంది. పక్క కారుకి బోల్టులు విప్పుతున్న మిషను ఆగిపోయింది. షెడ్డు అంతా తిరిగి చూసింది. ఎవరు అరిచారో వాళ్ళకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఆ వేలు దించండి ముందు. మీరు ఫోన్లో ఏమీ ఒప్పుకోలేదు. రేసులాడలేదనే చెప్పారు. అది మీరు నాతో మర్యాదగా ఉన్నందుకు చెప్పడం లేదు. మీకు మర్యాద అంటే ఏంటో తెలీదు. తాళం కుక్కకి విసిరినట్టు విసిరారు. ఆ రోజు మీ మీద కసితోనే నేను ఫోను చేశాను, వారంటీ రాదని సంతోషంగా చెప్పాను. నాకు తెలియక చెప్పిన అబద్ధం అది. ఇప్పుడు తెలిసింది." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మొదటి సర్వీసులో ఈ కారుకి వేరే నూనె పోశారు సార్. మామూలు కార్లకి పోసేది. తెలిసే పోశారు. మేనేజరు గారు చెప్పి పోయించారు."

మేనేజరు నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగింది. ఈవిడకి ఇంటి దగ్గర ఏవో చికాకులున్నాయనీ, మతి స్థిమితంగా లేదనీ అన్నాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు దించి బాబాయ్ వైపు చూశాడు. సర్వీసు చేసింది మీరే కదా, ఏ నూనె పోశారు అని అడిగాడు.

బాబాయ్ గుడ్డని చేతుల్లో మెలితిప్పాడు.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాడు.

డాక్టరు తిట్టినప్పుడు కలగని నొప్పి ఆమెకి అప్పుడు కలిగింది. ఆయన పేరు ఆమె తేలేదు. తేకూడదనే ఆగింది. అయినా ఆ మనిషి ఆమె కళ్ళెదుటే, ఆమెను అబద్ధాలకోరుగా వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె కౌంటరు దగ్గరికి వెళ్ళి, డబ్బా తెచ్చి, ఇంజన్ పక్కన బల్ల మీద ఠప్పున పెట్టింది. ఆ రోజు ఇంజన్‌లోంచి దించిన నూనె ఇదేననీ, పారబోసెయ్యమని చెబితే తాను పట్టి దాచాననీ చెప్పింది. నమ్మకపోతే ఫిల్టరులో ఇంకా ఉంటుంది, మీరే తీసుకోండి అంది.

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి రెండు సీసాలు తీసి, ఒకదాంట్లో డబ్బాలో నూనె, ఇంకోదాంట్లో ఫిల్టరు పిండిన నూనె పట్టి, మూతల మీద సీలు వేశాడు. ఏ నూనె అన్నది ల్యాబులో తేలుతుందని మాత్రం చెప్పాడు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆమె డబ్బా మూత తీసుకుని అవసరానికి మించి బిగించింది. అది భయమా కోపమా అని ఎవరైనా అడిగి ఉంటే కొట్టేదే.

ల్యాబు తేల్చింది. రెండు సీసాల్లోదీ ఒకటే నూనె, ఆ కారుకి పొయ్యకూడనిది. కొత్త ఇంజన్ షోరూము ఖర్చుతోనే వెయ్యాలని కంపెనీ ఆదేశించింది. మేనేజరుకి గట్టి హెచ్చరిక వచ్చిందని చెప్పుకున్నారు, కానీ కుర్చీ కదల్లేదు. కదిలింది ఆమె కుర్చీ. ఆమెను కౌంటరు నుంచి తీసేసి వెనక విడిభాగాల గోదాములో వేశారు. కారణం అడిగితే, కస్టమరు మీద అరిచినందుకు అన్నాడు మేనేజరు. ఆ కస్టమరే ఫిర్యాదు చేశాడట. అందరి ముందూ తనని నోరు ముయ్యమన్నదని ఇన్‌స్పెక్టరుకే చెప్పి వెళ్ళాడట.

ఆ మాట విన్న తర్వాత ఆమె గోదాములో పెట్టెల మధ్య చాలాసేపు కూర్చుంది. వచ్చిందల్లా చేదు నవ్వు.

కొత్త ఇంజన్‌తో పసుపు కారు తీసుకోవడానికి డాక్టరు వచ్చిన రోజున ఆమె గోదాము తలుపు వేసి, తిన్నగా డెలివరీ చోటుకి వెళ్ళింది. డాక్టరు బానెట్టు మీద చెయ్యి పెట్టి ఇంజన్ చప్పుడు వింటున్నాడు. ఆమెను చూసి చెయ్యి తీశాడు.

నామీద ఫిర్యాదు చేశారట అని అడిగింది. ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. నూనె సంగతి చెప్పడం ఆమె ధర్మమనీ, అరవడం వేరే సంగతనీ, రెండూ కలపకూడదనీ అన్నాడు. కావాలంటే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు, దానం చేస్తున్నట్టు.

"వద్దు సార్. నేను అరిచిన మాట నిజం. వెనక్కి తీసుకుంటే అదీ అబద్ధమవుతుంది. కానీ ఎందుకు అరిచానో కూడా చెప్పండి. చిటికె వేసింది, తాళం విసిరింది, అందరి ముందూ నన్ను ఏమేం అన్నదీ, మొత్తం చెప్పండి. సగం చెబితే మా మేనేజరుకీ మీకూ తేడా ఏముంది?"

డాక్టరు కారులోకి వంగి, మునిగి, తలుపు వేసుకున్నాడు. క్షమించమన్న మాట వస్తుందేమోనని ఆమె నిలబడింది. రాలేదు. బండి మెత్తగా గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బాబాయ్ ఏదో వాషరు కావాలని గోదాము కిటికీ దగ్గరికి వచ్చాడు. తీసిచ్చింది. ఆయన వెళ్ళలేదు. కూతురి చదువు ఇంకా పూర్తి కాలేదనీ, ఈ వయసులో ఇంకెవరు పనిస్తారనీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు.

"నాకూ పిల్లలున్నారు బాబాయ్" అంది ఆమె. "అందరి ముందు గుర్తు లేదన్నావు. నా చెవిలో సారీ చెబితే ఎలా సరిపోతుంది? గుర్తొచ్చినప్పుడు అందరి ముందే చెప్పు."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన చెబుతాడని ఆమె అనుకోలేదు.

కానీ ఆ వారాంతంలో, పని మొదలయ్యే ముందు మేనేజరు అందరినీ నిలబెట్టి మాట్లాడుతుంటే, వెనక వరసలోంచి బాబాయ్ చెయ్యెత్తాడు. పసుపు కారుకి ఆ నూనె పోసింది తానేననీ, ఎవరు పొయ్యమంటే పోశాడో కూడా ఇప్పుడు బాగా గుర్తొచ్చిందనీ అన్నాడు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి ముక్కా నిజమని కూడా అన్నాడు. మేనేజరు, ఇది ఆ సంగతి మాట్లాడే సమయం కాదంటూ మీటింగు ముగించేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం పనికి వెళ్తూ వెళ్తూ ఆమె పక్కగా నడిచి, తల ఊపి వెళ్ళారు.

ఆమె ఆ నెలాఖరున ఉద్యోగం మానేసి, అంబులెన్సులు బాగుచేసే సర్వీసు సెంటరులో చేరింది. ఎందుకు మానేశావని అక్కడివాళ్ళు అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ పూట కోపంగానే చెప్పింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అంతే కోపంగా చెబుతుంది.